వెలుగు వేగంగా తగ్గే వారం: మేబన్ జరుపుకోవడం

ప్రకృతిని కొలిచే ఆధునిక పేగన్ మార్గాల్లో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా విక్కాను పాటించేవాళ్ళు, ఏడాదికి ఎనిమిది పండుగలు చేసుకుంటారు. సెప్టెంబరు 22న గానీ 23న గానీ వచ్చే శరద్విషువత్తు వాటిలో ఒకటి. చాలామంది దాన్ని మేబన్ అంటారు. ఈ పండుగ గురించి ఏ పుస్తకం తిరగేసినా ముందు తగిలే మాట సమతౌల్యం. పగలూ రాత్రీ సమానమయ్యే రోజు కాబట్టి మనసును కూడా ఆ రోజు నిలకడగా ఉంచుకోమంటారు. ఆ సలహాతో నాకు పేచీ ఉంది. ఆకాశంలో జరుగుతున్నది చూస్తే ఆ రోజుకున్న స్వభావం నిలకడ కానే కాదు.

ఉయ్యాల ఊగేటప్పుడు గమనించండి. అటు కొసకూ ఇటు కొసకూ వెళ్ళినప్పుడు ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. నడిమధ్యకు వచ్చినప్పుడే దాని వేగం ఎక్కువ. పగటి నిడివి మారే తీరూ అంతే. జూన్ నెలాఖర్లో, డిసెంబరు నెలాఖర్లో రోజులు గడిచినా పగలు పెద్దగా పెరగదు, తరగదు. విషువత్తు దగ్గరికి వచ్చేసరికి మార్పు అన్నిటికంటే జోరుగా ఉంటుంది. ఆ రోజుల్లో లండన్‌లో పగలు రోజుకు దాదాపు 4 నిమిషాలు తగ్గిపోతుంది. వారం తిరిగేసరికి అరగంట వెలుతురు ఉండదు. ఎడిన్‌బరోలో ఇంకా ఎక్కువ, నాలుగున్నర నిమిషాల పైమాటే. అదే వారంలో హైదరాబాదులో తగ్గేది రోజుకు ఒక్క నిమిషం.

మన దగ్గర పుట్టి పెరిగి లండన్‌కో లీడ్స్‌కో బోస్టన్‌కో వెళ్ళిన తెలుగువాళ్ళకు ఇక్కడే చిక్కు వస్తుంది. పదిహేడు డిగ్రీల అక్షాంశం దగ్గర పెరిగిన ఒంటికి ఈ వేగం అలవాటు లేదు. ఆగస్టులో రాత్రి ఎనిమిదింటికి కూడా వెలుతురుండే ఊళ్ళో, నవంబరులో నాలుగున్నరకల్లా దీపాలు వెయ్యాల్సి వస్తుంది. అప్పుడు పుట్టే దిగులును మొదటి ఏడాది చాలామంది ఉద్యోగం మీదికో ఇంటి బెంగ మీదికో నెట్టేస్తారు. ఆ నేలమీద తరతరాలుగా ఉన్నవాళ్ళకు మాత్రం ఈ మలుపు ఎప్పుడొస్తుందో తెలుసు. అది రాకముందే గాదెలు నింపుకుని, పండ్లు దాచుకుని, అప్పులు తీర్చుకుని, ఒకచోట కూర్చుని భోంచేసేవాళ్ళు. మేబన్ ఆ పని చేసే పండుగ. మీరు విక్కాలో ఉన్నా, కుతూహలం కొద్దీ చదువుతున్నా, ఈ అధ్యాయంలో చెప్పేవి ఆ దృష్టితోనే చదవండి: చీకటి జోరుగా పెరిగే వారంలో ఏమేం లెక్క చూసుకోవాలి, ఏది ఎవరికి ఇచ్చెయ్యాలి, ఏది వదిలెయ్యాలి.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. విక్కాలో సైతాను ఆరాధన లేదు, జంతుబలి లేదు, ఒకరి మీద ప్రయోగాలు చెయ్యడం లేదు. ఎవరికీ హాని చెయ్యని పనే చెయ్యాలన్నది ఆ మార్గంలో చాలామంది ఒప్పుకునే నియమం. మన రెండు రాష్ట్రాల్లోనూ చేతబడి చేశారనీ బాణామతి చేశారనీ అనుమానపడి పేదవాళ్ళను, ఒంటరి ఆడవాళ్ళను కొట్టిన, చంపిన ఘోరాలు జరిగాయి. అందుకే ఈ పండుగ గురించి ఊళ్ళో ఉన్న చుట్టాలకు చెప్పేటప్పుడు మాటలు జాగ్రత్తగా వాడండి. ఋతువు మారే వేళ కృతజ్ఞత చెప్పుకునే పండుగ అంటే చాలు. మీ సరదా మాట వల్ల ఎక్కడో ఒక ముసలమ్మ మీద ఎవరి చూపూ పడకూడదు.

పేరు ఎలా వచ్చింది

కోతలు ముగిశాక సంబరాలు చేసుకోవడం చాలా పాత ఆచారం. ఎనిమిది పండుగల సంవత్సర చక్రం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో కుదురుకుంది. ఇంగ్లండులో 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని 1951లో రద్దు చేశారు. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ 'విచ్‌క్రాఫ్ట్ టుడే' అనే పుస్తకం ప్రచురించి విక్కాను లోకానికి చూపించారు. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని బ్రికెట్ వుడ్‌లో ఆయన బృందం సమావేశమయ్యేది. ఫిబ్రవరి, మే, ఆగస్టు మొదట్లోనూ అక్టోబరు చివరా వచ్చే నాలుగు పండుగలకే మొదట్లో పెద్దపీట. 1958లో బృందంలోని వాళ్ళు అడగ్గా, అయనాంతాలకూ విషువత్తులకూ అదే హోదా ఇచ్చి సరిగ్గా ఆ రోజుల్లోనే జరపడం మొదలుపెట్టారు. గార్డ్‌నర్ స్నేహితుడు రాస్ నికల్స్ 1964లో స్థాపించిన, పేగన్లలో మరో శాఖ అయిన ద్రూయిడ్ల సంఘం కూడా ఈ ఎనిమిదింటినే పాటిస్తుంది.

మేబన్ అన్న పేరు ఇంకా తర్వాతది. 1974 ప్రాంతంలో కాలిఫోర్నియాలో ఏడన్ కెల్లీ అనే రచయిత పేగన్ పండుగల క్యాలెండరు తయారుచేస్తున్నాడు. మిగతా పండుగల్లో చాలావాటికి పాత పేర్లున్నాయి, దీనికేమో ఒట్టి 'శరద్విషువత్తు' అని రాయాల్సి వస్తోంది. గ్రీసులో ఈ కాలంలోనే ఎల్యూసిస్ రహస్యోత్సవాలు జరిగేవి. పాతాళానికి ఎత్తుకుపోయిన కూతురు పర్సెఫొనీ కోసం తల్లి డిమీటర్ పడ్డ వేదన దానికి మూలకథ. అలా తల్లి నుంచి దూరమైన బిడ్డ కథ బ్రిటన్ వైపు ఏదైనా ఉందా అని వెతికితే వెల్ష్ గాథల్లో మేబన్ దొరికాడు. ఓబెరాన్ జెల్ నడిపిన 'గ్రీన్ ఎగ్' పత్రిక ఆ పేరును వాడుకలోకి తెచ్చింది. వెల్ష్ కథలో ఈ విషువత్తు ప్రస్తావనే లేదని గుర్తు చేసేవాళ్ళున్నారు, వాళ్ళ మాట నిజమే. ఆ పేరు నచ్చనివాళ్ళు 'హార్వెస్ట్ హోమ్' అంటారు. ద్రూయిడ్లు 'ఆల్బన్ ఎల్వెడ్' అంటారు. పేరు కొత్తదైతే పండుగ విలువ తగ్గుతుందని నేననుకోను. పనికొచ్చే పండుగను మనుషులు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. కాకపోతే వేల ఏళ్ళ నాటిదని అబద్ధం చెప్పుకోనక్కర్లేదు. ఈ ఉద్యమం పుట్టుక గురించి సరిగా తెలుసుకోవాలంటే చరిత్రకారుడు రొనాల్డ్ హటన్ 1999లో రాసిన 'ద ట్రయంఫ్ ఆఫ్ ద మూన్' చదవండి.

మేబన్ కథ మాత్రం తప్పక తెలుసుకోవాలి. పండుగ నాటి సాయంత్రం చెప్పుకోవడానికి అంతకంటే మంచి కథ లేదు. 'కుల్హుఖ్, ఓల్వెన్' అనే వెల్ష్ గాథలో వస్తుంది. మోద్రోన్ కొడుకు మేబన్‌ను పుట్టిన మూడో రాత్రే తల్లికీ గోడకూ మధ్య నుంచి ఎవరో ఎత్తుకుపోయారు. బతికున్నాడో లేడో తెలియదు. ఆర్థర్ రాజు మనుషులు వెతకడానికి బయల్దేరి లోకంలో అందరికంటే ముసలి జీవుల్ని అడుగుతూ పోతారు. మొదట ఒక నల్లపిట్ట. నేను వచ్చిన కొత్తలో ఇక్కడో కమ్మరి దాగలి ఉండేది, రోజూ సాయంత్రం దానిమీద ముక్కు రుద్దుకునేదాన్ని, ఇప్పుడది గింజంత మిగిలింది, అయినా మేబన్ పేరు వినలేదు అంటుంది. నాకంటే పెద్దవాడున్నాడంటూ దుప్పి దగ్గరికి తీసుకెళ్తుంది. దుప్పి వచ్చినప్పుడు మొలకగా ఉన్న ఓక్ చెట్టు నూరు కొమ్మలతో పెరిగి, కూలి, మోడైపోయింది. దానికీ తెలియదు. గుడ్లగూబ కళ్ళముందే అడవులు పోయి మళ్ళీ పెరిగాయి. గద్ద రోజూ సాయంత్రం ఏ బండమీద నిలబడి చుక్కల్ని పొడిచేదో ఆ బండ అరిగి జానెడైంది. చివరికి సాల్మన్ చేప చెబుతుంది: పోటు వచ్చినప్పుడల్లా నది మీదికి ఈదుకుంటూ గ్లాస్టర్ కోట గోడ దాకా పోతుంటాను, అక్కడ వినిపించే ఏడుపు లాంటిది ఇంకెక్కడా వినలేదు. ఇద్దరు యోధులు ఆ చేప భుజాలెక్కి వెళ్ళి గోడ అవతలున్న మేబన్‌తో మాట్లాడతారు. ఆర్థర్ సైన్యంతో వచ్చి విడిపిస్తాడు.

ఈ కథలో మనకు కావలసింది ఆ అడగడం. తెలియదన్న ప్రతి జీవీ ఊరికే పంపించెయ్యలేదు, నాకంటే ముందు నుంచి ఉన్నవాళ్ళ దగ్గరికి దారి చూపిస్తానంది. చీకటి నెలలు వచ్చేముందు మీరు ఎవర్ని అడగాలి, మీకంటే ముందు ఈ ఊళ్ళో చలికాలాలు దాటినవాళ్ళు ఎవరు? ఆ పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వారంలోగా వాళ్ళలో ఒకరికి ఫోన్ చెయ్యండి.

వారం ముందు నుంచి

మొదటి పని సూర్యుణ్ణి చూడటం. విషువత్తు నాడు సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించి సరిగ్గా పడమర అస్తమిస్తాడు. ఇది లండన్‌కైనా నెల్లూరుకైనా ఒకటే. మీ కిటికీలోంచో డాబా మీంచో పడమర ఎటో ఆ రోజు తెలిసిపోతుంది. వారం ముందు నుంచే రోజూ ఒకేచోట నిలబడి, అస్తమించే సూర్యుడు ఏ ఇంటి కప్పు పక్కన, ఏ చెట్టు వెనక దిగుతున్నాడో చూసి రాసుకోండి. ఉత్తర ఐరోపాలో ఆ జరుగుదల కళ్ళకు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఉద్యోగాల హడావిడిలో ఉన్నవాళ్ళకు ఈ ఒక్క అలవాటు నేను అన్నిటికంటే గట్టిగా చెబుతాను. క్యాలెండరు చూసి చేసే పండుగ వేరు, కంటితో చూసి చేసే పండుగ వేరు. ఇంకో మాట. ఆ రోజు పగలూ రాత్రీ నిమిషంతో సహా సమానంగా ఉండవు. సూర్యబింబం పై అంచు కనబడగానే ఉదయం అంటాం, పైగా గాలి పొర కాంతిని వంచి సూర్యుణ్ణి కాస్త ముందే చూపిస్తుంది. అందుకని పగలు కొంచెం ఎక్కువే. అసలైన సమానం బ్రిటన్‌లో రెండు మూడు రోజుల తర్వాత వస్తుంది.

మన పంచాంగం చూసి ఆశ్చర్యపోయేవాళ్ళకు ఒక వివరణ. పంచాంగంలో తులా సంక్రమణం అక్టోబరు మధ్యలో ఉంటుంది. మన సంప్రదాయం రాశుల్ని నక్షత్రాలతో కొలుస్తుంది, ఈ పండుగ సూర్యుడు విషువద్రేఖను దాటడాన్ని కొలుస్తుంది. రెండింటి మధ్య తేడా ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు. భారత జాతీయ క్యాలెండరులో మాత్రం ఆశ్వయుజం సెప్టెంబరు 23న మొదలవుతుంది. 1957లో దాన్ని అమల్లోకి తెచ్చినప్పుడే విషువత్తుకు ముడిపెట్టారు.

రెండో పని సేకరణ. విక్కా చక్రంలో కోతలు మూడు. ఆగస్టు 1న లామస్ ధాన్యానిది, మేబన్ పండ్లదీ కాయలదీ, అక్టోబరు 31న సావిన్ చలికాలానికి ముందు మంద తగ్గించుకునే కాలానిది. బ్రిటన్‌లో సెప్టెంబరు మూడో వారానికి చెట్ల మీద ఆపిల్, కంచెల్లో బ్లాక్‌బెర్రీ, ఎల్డర్‌బెర్రీ, అడవి గులాబీ కాయలు, కింద హేజెల్‌నట్స్ ఉంటాయి. ఇంగ్లండులో, వేల్స్‌లో 1968 నాటి దొంగతనాల చట్టం ప్రకారం అడవి పండ్లను, అమ్మకానికి కాకుండా సొంతానికి కోసుకుంటే అది దొంగతనం కిందికి రాదు. మొక్కను వేళ్ళతో పెకలించడానికి మాత్రం భూమి యజమాని అనుమతి కావాలి. రద్దీ రోడ్డు పక్కన కొయ్యకండి. కుక్కలు తిరిగే దారుల్లో నడుము ఎత్తుకు పైనున్నవే కొయ్యండి. పిట్టలకు మిగల్చండి. పేరు తెలియని కాయనూ పుట్టగొడుగునూ నోట్లో పెట్టవద్దు, ఫోన్‌లో బొమ్మ చూసి నమ్మవద్దు. సెప్టెంబరు 29న వచ్చే మైకేల్మస్ తర్వాత దెయ్యం బ్లాక్‌బెర్రీల మీద ఉమ్మేస్తుందని అక్కడ సామెతలాంటి నమ్మకం ఉంది. ఆ రోజులు దాటితే పండు చెమ్మపట్టి రుచి పోతుందన్నది అనుభవం.

మీరు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటే ఆపిల్, గుమ్మడి కొనితెచ్చి బల్లమీద పేర్చాలని నేను చెప్పను. అక్కడ ఆ రోజులకు ఖరీఫ్ వరి ఇంకా పచ్చగానే ఉంటుంది, కోత రాలేదు. అదే రోజుల్లోనో కాస్త అటూ ఇటుగానో తెలంగాణలో తంగేడు, గునుగు పూస్తాయి, బతుకమ్మ వస్తుంది. ఆ నేలకు ఆ పండుగ ఉంది. ఈ చక్రాన్ని పాటించే అనుభవజ్ఞులు చాలామంది చెప్పేదీ ఇదే: మీరు నిలబడిన నేల ఏ ఋతువులో ఉందో దాన్ని బట్టి పండుగ చేసుకోవాలి. మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో ఉన్నవాళ్ళకు మేబన్ మార్చి 20, 21 తేదీల్లో వస్తుంది. సెప్టెంబరులో వాళ్ళకు వసంతం.

మూడో పని చేతిపని. ఇంగ్లండు పల్లెల్లో కోత చివరి కట్ట గడ్డితో అల్లే బొమ్మను కార్న్ డాలీ అంటారు. ధాన్యానికి ప్రాణం పోసే శక్తి చివరి కట్టలోకి చేరుతుందని, మళ్ళీ దున్నే దాకా దాన్ని ఇంట్లో ఉంచాలని నమ్మిక. పేరుకు బొమ్మ అయినా చాలావరకు మెలి తిరిగిన జడలా ఉంటుంది. ఇప్పటి పొట్టి రకాల గోధుమ గడ్డి దీనికి పనికిరాదు. లోపల బోలుగా, పొడుగ్గా ఉండే పాత రకాలు కావాలి. మారిస్ విజన్ అనే రకాన్ని ఇందుకోసం ఇప్పటికీ పండిస్తున్నారు. గడ్డిని చల్లటి నీళ్ళలో అరగంట నానబెట్టి తడి తువ్వాల్లో చుట్టి ఉంచండి, లేకపోతే వంచగానే చిట్లుతుంది. వెన్నులున్న ఐదు పరకల్ని వెన్నుల కిందుగా దారంతో బిగించండి. వెన్నులు కిందికి ఉండేలా పట్టుకుని పరకల్ని నాలుగు దిక్కులకూ విడదీస్తే ఒక దిక్కున రెండు వస్తాయి. ఆ రెంటిలో ఒకదాన్ని ఎత్తి పక్కనున్న రెండు పరకల మీదుగా మడవండి. అల్లికను పావు వంతు తిప్పండి. ఇప్పుడు చివరగా దాటిన పరకను ఎత్తి మళ్ళీ రెండింటి మీదుగా వెయ్యండి. పది పన్నెండు మడతలు పడేసరికి చేతిలో నలుపలకల మెలిక లేస్తుంది, తడి గడ్డి వాసన వేళ్ళకు పడుతుంది. వెడల్పు కావాలంటే మడతను కాస్త బయటికి, సన్నబడాలంటే లోపలికి వెయ్యాలి. గోదావరి జిల్లాల్లో పిచ్చుకల కోసం వరి కుచ్చు అల్లి వసారాలో కట్టిన చేతికి ఇది త్వరగానే పట్టుబడుతుంది. అల్లేటప్పుడు మాట్లాడకుండా, ఒక్కో మడతకూ ఈ ఏడాది మీకు అన్నం పెట్టినవాళ్ళ పేరు ఒకటి తల్చుకోండి.

పండుగ సాయంత్రం

బృందంలో ఉన్నవాళ్ళు తమ బృందం పద్ధతే పాటిస్తారు. ఒంటరిగా సాధన చేసేవాళ్ళు ఇప్పుడు చాలామంది; 1988లో స్కాట్ కన్నింగ్‌హామ్ ఒంటరి సాధకుల కోసం రాసిన పుస్తకం అందుకు బాగా దారి వేసింది. వాళ్ళకోసమే ఈ క్రమం. సూర్యాస్తమయానికి అరగంట ముందు మొదలుపెట్టండి. గది ఊడ్చి, స్నానం చేసి, ఒక బల్లమీద ఆపిల్, రొట్టె, ఒక పాత్రలో సైడర్ (ఆపిల్ మద్యం) గానీ ఆపిల్ రసం గానీ, ఎండుటాకులు, గోధుమ రంగుదో ముదురు ఎరుపుదో ఒక కొవ్వొత్తి పెట్టండి. కొవ్వొత్తి కింద లోహపు పళ్ళెం ఉండాలి. ఎండుటాకులూ గడ్డి బొమ్మా దానికి బాగా దూరంగా ఉండాలి. అద్దె ఇళ్ళల్లో పొగ అలారం మోగుతుంది, సాంబ్రాణి తక్కువ వెయ్యండి.

వలయం గీయడమంటే చుట్టూ ఒక హద్దు ఉందని తల్చుకుంటూ ప్రదక్షిణంగా ఒక చుట్టు నడవడం. కొందరు అథామే అనే చిన్న కత్తితో గీస్తారు. చూపుడు వేలు చాలు. తూర్పున గాలిని, దక్షిణాన నిప్పును, పడమర నీటిని, ఉత్తరాన భూమిని పేరు పెట్టి పిలవండి. దక్షిణార్ధగోళంలో చాలామంది నిప్పును ఉత్తరానికి మార్చి, సూర్యుడు అక్కడ కదిలే దిశలోనే నడుస్తారు. మీకు దేవత మీద నమ్మకం ఉంటే దేవతను, లేకపోతే నేలనే సంబోధించండి. మాటలు మీవే అయి ఉండాలి. తెలుగులో పలికితే తప్పేమీ లేదు, గుండెలోంచి వచ్చే భాషలోనే రానివ్వండి.

ఇప్పుడు ఆపిల్ తీసుకోండి. తొడిమ మీది నుంచి నిలువుగా కాకుండా, పండును పక్కకు పడుకోబెట్టి నడుము దగ్గర అడ్డంగా కొయ్యండి. రెండు చెక్కలు విడగానే మధ్యలో ఐదు గింజల గదులు ఐదు రేకుల చుక్కలా కనిపిస్తాయి. ఐదు కోణాల ఆ నక్షత్రం విక్కాకు గుర్తు: నాలుగు భూతాలూ, వాటిపైన ఆత్మ. మార్కెట్లో కొన్న పండులో కూడా ఆ చుక్క ఉంటుంది. గాలి తగిలి కోసిన చోట గోధుమ రంగు తిరగడానికి కొద్ది నిమిషాలు పడుతుంది. అంతసేపూ దాన్నే చూస్తూ కృతజ్ఞతలు చెప్పండి.

ఇక్కడ నాకు పట్టుదల ఉంది. 'అందరికీ, అన్నిటికీ ధన్యవాదాలు' అనకండి. ఆ మాటకు బరువు లేదు. ఫలానా నెలలో నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చిన పక్కింటావిడ, వీసా కాగితాలు చదివిపెట్టిన స్నేహితుడు, బిడ్డను బడి నుంచి తీసుకొచ్చిన ఇంకో తల్లి, ఇలా మనిషినీ పనినీ కలిపి పైకి చెప్పండి. నోరు తిరగకపోతే ఆగి గుర్తు చేసుకోండి. ఆ తర్వాత రొట్టె తుంచి తినండి, రసం ఒక గుక్క తాగండి. మిగిలిన రొట్టె ముక్క, కాస్త రసం చెట్టు మొదట్లో పెట్టడానికి పక్కనుంచండి. తినడం ఈ క్రతువులో భాగమే. మనసు మళ్ళీ ఒంట్లోకి, గదిలోకి దిగడానికి అది పనికొస్తుంది.

తర్వాత ఒక కాగితం. దానిమీద సగంలో ఉన్న పనులు రాయండి. అందులో చలికాలంలో నిజంగా చెయ్యగలిగినవి ఏవో, వదిలెయ్యాల్సినవి ఏవో గీత గీసి విడదియ్యండి. పుస్తకాల్లో 'వదిలెయ్యడం' అంటే ఎండుటాకు మీద బాధ రాసి కాల్చడం. అది హాయిగానే ఉంటుంది, చెయ్యండి. కాని ఆకు కాల్చినంత మాత్రాన పని వదిలినట్టు కాదు. వదిలేస్తున్న పని ఇంకొకరికి మాట ఇచ్చినదైతే మర్నాడే వాళ్ళకు చెప్పెయ్యాలి. తీర్చాల్సిన బాకీ ఉంటే తీర్చాలి, తీర్చలేకపోతే ఎప్పటికి తీరుస్తారో చెప్పాలి. చివరగా, పిలిచిన దిక్కులకు నమస్కరించి, వచ్చిన దిశకు ఎదురుగా ఒక చుట్టు తిరిగి వలయం విప్పండి.

పండుగ సరుకులో ఒక పాలు బయటికి వెళ్ళి తీరాలి. ఇంగ్లండులో ఈ రోజుల్లో చర్చిలు కూడా హార్వెస్ట్ ఫెస్టివల్ జరుపుతాయి. 1843లో కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టోలో రెవరెండ్ రాబర్ట్ హాకర్ మొదలుపెట్టిన పద్ధతి దేశమంతా పాకింది. అక్కడ పోగైన సరుకులు చాలాచోట్ల ఫుడ్ బ్యాంకులకు వెళ్తాయి. మీ వంతు డబ్బాల్లో, పొడిగా, గడువు మిగిలి ఉన్నవి ఇవ్వండి. మీకు అక్కర్లేనివి కాకుండా, మీరు తినేవాటిలో మంచివి ఇవ్వండి.

మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే

2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్‌లలో దాదాపు 74,000 మంది తమ మతం పేగన్ అనీ, 13,000 మంది విక్కా అనీ రాశారు. మీ ఆఫీసులో ఒకరుండవచ్చు, మేబన్ భోజనానికి పిలవవచ్చు. వెళ్ళండి. ఆపిల్ పండ్లో, మీ చేత్తో చేసిన పులిహోరో పట్టుకెళ్తే సంతోషిస్తారు. బల్ల మీద పెట్టిన కత్తినీ పాత్రనూ అడక్కుండా ముట్టుకోకండి. ఫొటోలు తియ్యొద్దు, చాలామంది ఈ విషయం ఉద్యోగంలో చెప్పుకోరు. వలయం మొదలయ్యాక మధ్యలో బయటికి వెళ్ళాలంటే నడిపించేవాళ్ళను అడిగితే దారి తెరుస్తారు. సైడర్ పాత్ర చేతులు మారుతూ వస్తుంది. తాగనివాళ్ళు ముందే చెబితే పండ్ల రసం పోస్తారు, లేదా పాత్రను నుదుటికి ఆనించి పక్కవాళ్ళకు ఇచ్చినా ఎవరూ ఏమనుకోరు. లండన్‌లో ఉంటే ప్రిమ్‌రోజ్ హిల్ మీద ద్రూయిడ్లు పట్టపగలే తెల్లటి వస్త్రాలతో శరద్విషువత్తు జరుపుతారు, ఎవరైనా నిలబడి చూడవచ్చు. స్టోన్‌హెంజ్‌లో ఆ తెల్లవారుజామున రాళ్ళ మధ్యకు వెళ్ళనిస్తారు.

ఆ తర్వాత నెల

బ్రిటన్‌లో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం. ఆ రోజు సాయంత్రం వెలుతురు ఒక్కసారిగా గంట తెగిపోతుంది. అంటే మేబన్ నుంచి మీకు నెల పైచిలుకు గడువుంది. ఆ నెలలో పొద్దున నడక అలవాటు చేసుకోండి, మబ్బున్నా సరే, బయటి వెలుతురు గదిలో దీపం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వారానికొక సాయంత్రం ఎవరి ఇంట్లో కలుస్తారో ముందే ఖాయం చేసుకోండి, డిసెంబరులో పుట్టే బద్ధకానికి అప్పుడు అవకాశం ఉండదు. నిద్ర పెరిగి, ఆకలి మారి, దేనిమీదా మనసు పోక వారాలు గడుస్తుంటే అది సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ కావచ్చు. 1984లో నార్మన్ రోజెంతాల్ బృందం దాన్ని వర్ణించింది, దానికి చికిత్స ఉంది. కొవ్వొత్తి వెలిగించడం ఆ చికిత్స కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మొహమాటపడకండి.

ఆ సాయంత్రం రాసిన కాగితాన్నీ, గడ్డి అల్లికనూ ఒకచోట భద్రపరచండి. మార్చి 20 దగ్గర్లో వసంత విషువత్తు వచ్చినప్పుడు కాగితం తీసి చదవండి, అల్లికను విప్పి మట్టిలో కలపండి. ఆపిల్ గింజలు పారెయ్యకుండా ఆరబెట్టి ఉంచితే, కొత్త సంవత్సరం మొదట్లో తడి టిష్యూ కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి, రెండున్నర మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. ఆ చలి తగిలితేనే అవి మొలకెత్తుతాయి. అప్పుడప్పుడు తీసి చూస్తూ, కాగితం ఆరితే తడి చెయ్యండి, బూజు పట్టిన గింజ తీసెయ్యండి. మొలిచినదాన్ని కుండీలో పెట్టండి. మీరు కోసిన పండు లాంటిదే కాస్తుందన్న హామీ లేదు, గింజ నుంచి వచ్చిన ఆపిల్ చెట్టు తల్లి చెట్టును పోలి ఉండదు, కాపుకు ఏళ్ళు పడుతుంది. మీకు పెరడు లేకపోతే మొక్క జానెడు ఎదిగాక పిల్లల బడి తోటకో ఊరి కమ్యూనిటీ తోటకో ఇవ్వండి, అది గింజతో పెంచిన మొక్క అని చెప్పి మరీ ఇవ్వండి.